ముక్కెత్తితే ఆగిపోయే ఇంజను

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు. ఒక ఇంజను తీసి బల్లకు బిగిస్తారు. నలభై ఏళ్ళ అలవాటు అది. ఇంట్లో కందిపప్పు నిండుకుంది, ఏం వండమంటావు అని నేనొకసారి అడిగినందుకు రెండు ఇంజన్లు బిగించారు. ఆ పూట మేమిద్దరం ఆవకాయతో సరిపెట్టుకున్నాం. ఆయన నా తమ్ముడు. ఇంట్లో నేను 'వాడు' అనే అంటాను. కానీ ఇది ఆయన శిష్యుడి సంగతి కనుక, శిష్యుడి ఎదుట గురువుని 'వాడు' అంటే కళ్ళు పోతాయి కనుక, 'ఆయన' అనే రాస్తాను.

ఎన్‌సీసీ కుర్రాళ్ళకు బొమ్మ విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్పి రిటైరయ్యాక మాస్టారు చినగంజాంలో ఒక పాత ఉప్పు గోదాము అద్దెకు తీసుకుని, ముందు భాగంలో పనిబల్లలు వేసి, వెనక భాగంలో నన్ను వేశారు. ఊరవతల పడావు పడ్డ ఉప్పు కొఠారు, అంటే ఉప్పు పండించే మళ్ళ చోటు, ఒకటుంది. ఎండాకాలంలో దాని నేల ఎంత గట్టిపడుతుందంటే, కొబ్బరికాయ జారవిడిస్తే నీళ్ళు సముద్రంలో పడతాయి. అదే ఆయన ఏరోడ్రోము. ఇక ఆ ఇంజను సంగతి. చూడబోతే చింతపండు ఉండంత ఉంటుంది, తిరగడం మొదలుపెడితే పదిహేను లారీలు ఒకేసారి ఘాట్ రోడ్డు ఎక్కినంత గోల చేస్తుంది. అందులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటేమీ ఉండదు. ప్లగ్గులో వెంట్రుకంత తీగ ఒకటి ఎర్రగా కాగుతూ ఉంటుంది, అంతే. తాగేది మిథనాలు, ఆముదం కలిపిన ఇంధనం. గానుగ ఆముదం వడగట్టి ఇవ్వడం నా వంతు. ఆ పొగ పీల్చిన పుణ్యాన మా వీధిలో ఇరవై ఏళ్ళుగా ఎవరికీ మలబద్ధకం లేదు. అయితే ఆ గోల విని విని మాస్టారికి రెండు చెవులూ పోయాయి. కుడిచెవిలో మిషను పెట్టుకుంటారు. మనుషుల మాట వినడానికే అది. ఇంజను మాట వినడానికి అక్కరలేదు. విమానం తోక మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏం జరుగుతోందో పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పేస్తారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళలో ఆఖరివాడు జకరయ్య. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వాడరేవులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అతను పనిచేసే షెడ్డు మూతపడ్డాక చీరాలలో అత్తవారింట్లో చేరాడు. అక్కడ మామగారు రోజుకి ఆరుసార్లు, "అల్లుడుగారు భోంచేశారా?" అని ఎంతో మర్యాదగా అడిగేవాడట. ఆ మర్యాదకి ముద్ద గొంతు దిగేది కాదట. పొద్దున పాసింజరు ఎక్కి మా దగ్గరికి వచ్చేవాడు, సాయంత్రం పాసింజరుకి దిగులుగా వెళ్ళేవాడు. రెండేళ్ళు అలా నేర్చుకున్నాడు. చేతులా, బంగారం. కళ్ళు మూసుకుని ఇంజను విప్పి, మధ్యలో ఒక కునుకు తీసి, కళ్ళు మూసుకునే మళ్ళీ బిగించగలడు. ఒక్క సూది దగ్గరే వచ్చేది చిక్కు. ఇంధనం ఇంజనులోకి ఎంత వెళ్ళాలో చెప్పే సూది మర ఒకటుంటుంది. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. బిగిస్తే ఇంధనం పలచబడి ఇంజను ఆకలితో వేడెక్కుతుంది, వదిలితే చిక్కబడి పొగ కక్కుతుంది. ఆ సూది మీద వేలు పెట్టి జకరయ్య, "ఒక టిక్కు వదలమంటారా మాస్టారూ?" అని అడిగేవాడు. నా లెక్క ప్రకారం ఈ మాట నాలుగు లక్షలసార్లు అడిగి ఉంటాడు. మాస్టారు ఒక వేలో రెండు వేళ్ళో చూపించేవారు, అతను తిప్పేవాడు. విచిత్రం ఏమిటంటే, మాస్టారి వేలు లేచేలోగానే జకరయ్య వేలు సూది మీద సరైన వైపుకే వాలి ఉండేది. నేను గుమ్మంలో ఆముదం వడగడుతూ ఎన్నిసార్లు చూశానో.

ఇలా ఉండగా ఒంగోలు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో బొమ్మ విమానాల వర్క్‌షాపు పెట్టాలనుకున్నారు. దాన్ని చూసుకునే ప్రసూన మేడం మా గోదాముకి వచ్చి, పిల్లలకి ఇంజన్లు నేర్పే మనిషి కావాలని, డిగ్రీలు అడగబోమని, పరాంకుశం మాస్టారు ఎవరిని చూపించి 'ఇతనికి పని వచ్చు' అంటే అతన్ని తీసుకుంటామని చెప్పింది. వచ్చే శనివారం ఉప్పు కొఠారు దగ్గర జకరయ్య కట్టిన విమానం ఎగరడం చూసి, అక్కడే మాస్టారి మాట తీసుకుని వెళతానంది. కాలేజీ వాళ్ళు ఉండడానికి క్వార్టరు కూడా ఇస్తారట. క్వార్టరన్న మాట వినగానే జకరయ్య గోడకి చేరబడ్డాడు. ఇక ఏ మామగారూ అతన్ని భోంచేశావా అని అడగక్కరలేదు.

ఆమె వెళ్ళాక అతను చాలాసేపు ఒక గుడ్డముక్కతో తుడిచిన పానానే తుడిచి, చివరికి మాస్టారి కుడిచెవి వైపు వంగి అడిగాడు.

"మాస్టారూ, నాకు పని వచ్చిందని మీకు ఎప్పుడు తెలుస్తుంది?"

మాస్టారు లేచి ఒక ఇంజను తీసి బల్లకు బిగించారు. దాన్ని తిప్పి రగిల్చి, సూదిని బాగా బిగించి, తిరుగుతున్న ఇంజను ఇంధనం గొట్టాన్ని రెండు వేళ్ళతో రెప్పపాటు నొక్కి వదిలారు. ఇంజను ఠక్కున చచ్చింది. మళ్ళీ రగిల్చారు. ఈసారి సూదిని నాలుగు టిక్కులు వదిలి, మళ్ళీ గొట్టం నొక్కారు. ఇంజను చావలేదు, ఆ రెప్పపాటు గొంతు పెంచి, వేళ్ళు తీయగానే మళ్ళీ తన మామూలు పాటలోకి దిగింది. ఇది ఈ విద్యలో ఓనమాల పరీక్ష. సూది సరిగ్గా ఉందో లేదో ఇలాగే చూస్తారు. ముందే ఆకలితో ఉన్న ఇంజను నొక్కగానే పోతుంది, కడుపులో సరిపడా ఉన్నది ఒక్కసారి లేస్తుంది. జకరయ్య దాన్ని లక్షసార్లు చేసి ఉంటాడు. అందుకని మాస్టారికి ప్రశ్న వినపడలేదని తేల్చుకుని, నా వైపు చూసి మెల్లగా, మిషనులో బ్యాటరీ అయిపోయినట్టుంది అమ్మగారూ, కొత్తది తెస్తాను అన్నాడు. తెచ్చాడు కూడా, పాపం.

శుక్రవారం అంతా విమానం సింగారించడంతో సరిపోయింది. ఇక్కడ మా గోదాము ఆచారం ఒకటి చెప్పాలి. విమానం కడుపులో ఇంధనం పట్టే ప్లాస్టిక్ సీసా ఉంటుంది. దాని మూతలోంచి ఒక ఇత్తడి పైపు లోపలికి వెళుతుంది, ఆ పైపు మొనకి మెత్తటి గొట్టం, గొట్టం చివర చిన్న గుండు. ఇంధనం ఎటు జారితే గుండు అటు జారి తాగుతూ ఉంటుంది. ఈ సీసా బిగించే పని మాత్రం మాస్టారు శిష్యులెవరికీ ఇవ్వరు. తానే బిగించి, మూత మెడకి నా బొంతలు కుట్టే ఎర్రదారం మూడు చుట్లు చుట్టి ముడి వేస్తారు. ఆ ముడి పడ్డాక ఇక సీసా గురించి ఆలోచించడం ఉండదు. విమానం కూలినా, ముక్కలైనా, సముద్రంలో పడి చేపలు ఎక్కి షికారు చేసినా, తప్పు ఇంకెక్కడో వెతుక్కోవాలి. నలభై ఏళ్ళలో ఆ దారం విప్పిన శిష్యుడు లేడు. ఆ శుక్రవారం కూడా మాస్టారు సీసా బిగించి, ఎర్రదారం కట్టి, జకరయ్యకి అందించారు. అతను ప్రసాదం పుచ్చుకున్నట్టు రెండు చేతులా పుచ్చుకున్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికే ఉప్పు కొఠారు అద్దంలా మెరుస్తోంది. మాస్టారు గొడుగు కింద కుర్చీలో, పక్కన స్టూలు మీద నేను, కాస్త అవతల నల్లకళ్ళద్దాలతో ప్రసూన మేడం. జకరయ్య ఇంజను రగిల్చాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. గొట్టం నొక్కి చూశాడు, గొంతు లేచి దిగింది. అంతా సరిగ్గా ఉంది. ఇక ఎగరేసే ముందు చేసే ఆఖరి పరీక్ష: విమానాన్ని రెండు చేతులా ఎత్తి, ముక్కు ఆకాశం వైపు నిలబెట్టాడు. మూడు లెక్కపెట్టేలోగా ఇంజను దగ్గి ఆగిపోయింది. కింద పెట్టి రగిలిస్తే కోయిల. ఎత్తితే శవం. ఎగిరాక పైకి లేచేది ముక్కుతోనే కదా; అక్కడ ఆగితే రెండేళ్ళ విద్యా, ఎనిమిది నెలలు కట్టిన విమానమూ, క్వార్టరూ అన్నీ కలిసి ఒక్క చప్పుడులో నేలకి వస్తాయి.

జకరయ్య సూది మీద వేలు పెట్టి మాస్టారి వైపు తిరిగాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడు మాస్టారు చేసిన పని నేను చచ్చినా మరిచిపోను. చెవిలోంచి మిషను తీశారు. బ్యాటరీ ఊడదీశారు. రెండిటినీ రుమాలులో మూటకట్టి నా చేతిలో పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ క్షణాన జకరయ్య ముఖం చూస్తే ఉప్పు కూడా కరిగేది. దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడి ఒక వేలు, తరవాత రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. మాస్టారు అతని భుజం మీదుగా సముద్రాన్నే చూశారు. అతను తిరిగి వెళ్ళి ఏదో ఒకటి చెయ్యడం మొదలుపెట్టాడు. ప్లగ్గు మార్చాడు. ఎత్తితే ఆగింది. రాత్రి డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో, సముద్రపు తేమ ఇంధనంలో దిగిందేమో అని పాతది పారబోసి కొత్త డబ్బా తెరిచాడు. ఎత్తితే ఆగింది. సూది ఒక టిక్కు వదిలాడు, రెండు వదిలాడు, ఆరుదాకా వదిలాడు. నేల మీద గుప్పుగుప్పున పొగ, ఎత్తితే మళ్ళీ అదే దగ్గు. తాను బిగించిన ప్రతి మరనీ మూడేసిసార్లు చూసుకున్నాడు. మేడం చేతిగడియారం వైపు చూసింది. నాకైతే అక్కడ కూర్చుని ఒక పుష్కరం గడిచినట్టుంది.

చివరికి జకరయ్య పనిముట్లన్నీ పక్కన పెట్టి, విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఉప్పు నేల మీద చతికిలబడ్డాడు. విమానాన్ని పడుకోబెట్టాడు, నిలబెట్టాడు, మళ్ళీ పడుకోబెట్టాడు, ఉయ్యాలలో పిల్లని ఊపినట్టు. తరవాత నాతో చెప్పాడు అప్పుడేం అనుకున్నాడో. ముక్కెత్తితే ప్లగ్గు మారదు, సూది మారదు, గాలి మారదు. కదిలేది ఒక్కటే, సీసాలో ఇంధనం. అది వెనక్కి జారుతుంది. అంటే తప్పు సీసాలో ఉంది. సీసా మీద ఎర్రదారం ఉంది.

అతను ఆ ముడిని చూశాడు. గురువుగారి వీపు చూశాడు. పెళ్ళిపీటల మీద కూర్చున్నదాని తాళి మీద కత్తెర వెయ్యమన్నా ఎవరూ అంతగా వెనకాడరు. జేబులోంచి చాకు తీసి, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, దారం తెంపాడు.

మూత లాగి గొట్టం వెలుతురుకి పట్టాడు. ఇత్తడి పైపు మొన మీద గొట్టం తొడిగిన చోట, గోటి చంద్రవంకంత చీలిక. విమానం పడుకున్నంతసేపూ ఆ చీలిక ఇంధనంలో మునిగి ఉంటుంది, ఏ గొడవా లేదు. ముక్కు ఎత్తగానే ఇంధనం వెనక్కి జారి, చీలిక గాలిలోకి తేలి, ఇంజను ఇంధనానికి బదులు గాలి తాగుతుంది. ఇక ఆ చీలిక ఎందుకు వచ్చిందంటే, పైపు మొన కోసిన చోట బ్లేడులా ఉంది. మొన ఆకురాయితో నున్నగా అరగదీసి, నాలుకతో తాకి చూసుకుని, అప్పుడు గొట్టం తొడగాలని మాస్టారు నలభై ఏళ్ళుగా శిష్యుల నెత్తి మీద మొట్టి మరీ చెబుతున్న పాఠం. జకరయ్య ఆ పైపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మాస్టారి చెవిలో మిషను లేదు కదా. రెండేళ్ళలో ఒక్కనాడూ గుసగుస దాటని గొంతు, ఒక్కసారిగా లేచింది.

"మొన అరగదీయలేదు మాస్టారూ. గొట్టం చీలింది. ఇది మీరు కట్టిందే."

అవతల కొఠారులో ఉప్పు తోడుతున్న వాళ్ళు పారలు ఆపారు. వేటకి వెళ్ళిన పడవలు ఇంకో పదిమైళ్ళు లోపలికి జరిగి ఉంటాయి. ప్రసూన మేడం నల్లకళ్ళద్దాలు తీసి ఆయన్నీ ఇతన్నీ చూసింది. మాస్టారు మాత్రం సముద్రం వైపే చూస్తూ గొడుగుని ఇంకాస్త సర్దుకున్నారు. తానేమన్నాడో జకరయ్యకి అప్పుడే తెలిసినట్టుంది, ముఖం పాలిపోయింది. కానీ చేతిలో పని సగంలో ఉంది. కూర్చుని, పైపు మొన అరగదీశాడు, నాలుకతో తాకి చూసుకున్నాడు, చీలిన అర అంగుళం కోసి పారేసి గొట్టం మళ్ళీ తొడిగాడు. కట్టడానికి ఎర్రదారం లేదు. తన జేబురుమాలు అంచు పీకి, ఆ తెల్లదారంతో మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. ఇంజను రగిల్చాడు. వదిలిన ఆరు టిక్కులూ వెనక్కి తిప్పి, గొట్టం నొక్కి విని, ఇంకొక్క టిక్కు సర్దాడు. ఆ టిక్కు గురించి అతను ఎవరినీ అడగలేదు. అడగలేదన్న సంగతి అతనికే తెలియదు.

ఈసారి ముక్కెత్తితే ఇంజను ఆగలేదు. జకరయ్య రిమోటు అందుకోగానే విమానం నేల విడిచి నిట్టనిలువుగా లేచింది. ఎంత పైకి వెళ్ళిందంటే, ఆ పూట దేవేంద్రుడి వంటింట్లో కూడా ఆముదం వాసన వేసి ఉండాలి. రెండు చుట్లు తిరిగి, తలకిందులుగా ఒక మొగ్గ వేసి, కొంగ దిగినట్టు దిగింది. మేడం మాస్టారి దగ్గరికి వచ్చి, మరి ఇతని సంగతి ఏం చెబుతారు అని రెండుసార్లు అడిగింది. ఆయన ఆమె పెదవులు చూసి, సాయంత్రం రాసి పంపుతానని గొడుగు ముడిచారు. ఆ మాటకి జకరయ్య తల ఇంకా కిందికి వాలింది. చేతిలో విమానం ఉన్నా, అప్పటికి అతను దాన్ని మరిచిపోయాడు.

ఇంటికి నడుస్తూ నేను ఉండబట్టలేక తమ్ముడి చెవిలో అరిచాను, కావాలని అరగదీయకుండా కట్టావా, కళ్ళు సరిగ్గా కనపడక వదిలేశావా అని. రుమాలు మూట చేతికిచ్చాను, మిషను పెట్టుకుని జవాబు చెబుతారని. ఆయన ఆ మూటని చొక్కా జేబులో వేసుకుని, సొరకాయ పులుసు పెట్టమన్నారు.

జకరయ్య ఆ సాయంత్రం పాసింజరు ఎక్కలేదు. ఎక్కడ తిరిగాడో, పొద్దువాలే వేళకి గోదాము గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. కాళ్ళకి మోకాళ్ళదాకా ఉప్పు. మాస్టారు మిషను పెట్టుకుని బల్ల ముందు కూర్చుని ఉన్నారు. అతను లోపలికి రాకుండానే చెప్పుకున్నాడు. ఎవరూ ముట్టని ముడి తెంపానని, పరాయి మనిషి ముందు గురువు మీద గొంతు లేపానని, ఆ ఉద్యోగం వేరెవరికైనా ఇప్పించినా బాధపడనని, గోదాములోకి రానిస్తే చాలని. మామగారి సంగతి ఎత్తలేదు. అది నాకు తెలుసని తెలుసు అతనికి.

మాస్టారు సొరుగులోంచి ప్రసూన మేడం పేరు రాసిన కవరు తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద, ఎగిరిపోకుండా అన్నట్టు, నా ఎర్రదారం ఉండ పెట్టి, రెండిటినీ కలిపి జకరయ్య వైపు జరిపారు. అతను గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ ఉండని చేతిలోకి తీసుకుని, "అక్కడ సీసాలకి నేనే కట్ట..." అని మొదలుపెట్టి, ఆ మాట చివర రాబోయిన 'మంటారా'ని గుటక వేసి మింగేశాడు.

మాస్టారు బల్ల మీది ఇంజనుకి గుడ్డ కప్పారు.

"గొట్టం నొక్కినప్పుడు గొంతు లేచిందంటే, ఆ ఇంజనుకి ఇంక సూది తిప్పకూడదు జకరయ్యా."